మగ్గం గుంటలో మా తమ్ముడు

మొన్న మా అమ్మాయికి ఆఫీసులో సెలవు దొరక్కపోతే, మనవరాలిని నేనే బుక్కరాయసముద్రం నుంచి ఆటోలో అనంతపురం తీసుకుపోయాను. పిల్లకు నాలుగేళ్లు నిండబోతున్నాయి. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మూలకు పోతుంది, గౌను మెడ దగ్గర కుట్టు గుచ్చుకుంటోందని పీకి పారేస్తుంది, మెట్లు దిగాలంటే కాళ్లు వణికి నా కొంగు వదలదు. అక్కడ థెరపీ చేసే అమ్మాయి దాన్ని మెత్తటి గుడ్డలో గట్టిగా చుట్టి ఉయ్యాలలో కాసేపు ఊపి, తర్వాత తన పాదాల మీద ఆ చిన్న పాదాలు నిలబెట్టుకుని గదంతా నడిపించింది. బెంచీ మీద కూర్చుని చూస్తున్న నాకు ఉన్నట్టుండి ధర్మవరంలో మా పాత ఇల్లు, మగ్గం గుంటలో మా నాయన, ఆయన కాళ్ల నడుమ మా తమ్ముడు కళ్ల ముందుకు వచ్చారు. నా ఈడు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నిన్న కళ్లద్దాలు ఎక్కడ పెట్టామో గుర్తుండదు గాని, చిన్ననాటి ఇంట్లో ఏ గోడకు ఎక్కడ సున్నం పెచ్చులూడిందో ఇప్పటికీ చెప్పగలం.

మాది పట్టుచీరలు నేసే ఇల్లు. గుంట మగ్గమంటే తెలియని వాళ్లుంటే చెబుతాను: నేలలో నడుము లోతు గుంట తీసి, నేసేవాడు అందులో కాళ్లు దించి గట్టు మీద కూర్చుంటాడు, కింద కాళ్లతో చెక్కలు తొక్కుతుంటే పైన చేతులతో పోగును అటూ ఇటూ మోసే నాడె విసురుతాడు. తెల్లారింది మొదలు దీపాలు పెట్టేదాకా ఆ చప్పుడే మా ఇంటికి గుండె చప్పుడు. బయట వానలు మొహం చాటేసి, చేలల్లో చెనక్కాయ ఎండిపోయి, వీధంతా ఎర్రదుమ్ము లేచే ఆ ఏళ్లలో మా వీధికి అన్నం పెట్టింది ఆ చప్పుడే.

అలాంటి ఇంట్లో పుట్టిన మా తమ్ముడు ఆ చప్పుడంటేనే హడలిపోయేవాడు. నాయన మగ్గం మీద మొదటి దెబ్బ కొట్టగానే చెవులు మూసుకుని ఊపిరి అందనంతగా ఏడ్చేవాడు. మూడేళ్లు దాటినా నడవలేదు. నేల మీద నిలబెడితే నిప్పుల మీద పెట్టినట్టు కాళ్లు పైకి ముడుచుకునేవాడు. సంగటి గాని, కలిపిన అన్నం గాని వేళ్లకు తగిలితే చాలు, చెయ్యి విదిలించుకునేవాడు. ముద్ద నోట్లో పెడితే కక్కేవాడు. పక్కింట్లో పట్టునూలు కండెలకు చుట్టే ఒక ముస్లిం ఆవిడ ఉండేది, మేమంతా చాచీ అని పిలిచేవాళ్లం. ఒకరోజు ఆవిడ తన ఒళ్లో ఉన్న బొరుగులు వాడు ఒక్కొక్కటే ఏరుకుని తినడం చూసి అమ్మను పిలిచి చూపించింది. అప్పటి నుంచి పొడిగా, కరకరలాడేవే వాడికి తిండి. వేయించిన చెనక్కాయ విత్తనాలు, బొరుగులు, ఎండిన రొట్టె ముక్కలు. వాడు బతికింది వాటితోనే.

ఇప్పుడైతే ఇలాంటి వాటికి పేర్లున్నాయి. అప్పుడు మా వీధికి తెలిసిన పేరు ఒక్కటే, గ్రహణం మొర్రి లాంటి గ్రహణదోషం. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వేళ కత్తిపీట ముట్టుకుందని ఎవరో అన్నారు. ముట్టుకుందో లేదో మొదట అమ్మకే గుర్తు లేదు; పదిమంది అనగా అనగా, ముట్టుకున్నానని తానే నమ్మింది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ పోవడం మానుకుంది. ఎవరైనా ఇంటికొస్తే తమ్ముణ్ణి ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

అలా ఉండగా సూర్యగ్రహణం వచ్చింది. అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, పట్టు పట్టింది. కాళ్లు రాని పిల్లల్ని గ్రహణం పట్టి విడిచేదాకా ఏటి ఇసుకలో నడుము దాకా పూడిస్తే నడక వస్తుందని ఆమె నమ్మకం. ఆమెను తప్పుపట్టను, మనవడి మీద ప్రేమకు ఆమెకు తెలిసిన దారి అదే. చిత్రావతిలో నీళ్లు ఎప్పుడో గాని ఉండవు, ఇసుకకు మాత్రం కొరత లేదు. మేం పోయేసరికి అప్పటికే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని గుంటల్లో నిలబెట్టి ఉన్నారు. అవ్వ తన చేతులతోనే గుంట తీసింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని దూరంగా కూర్చుంది. నాయన తమ్ముణ్ణి అందులో దించాడు.

పాదానికి ఇసుక తగలగానే వాడు వేసిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. అది మామూలు ఏడుపు కాదు. ఇసుక తొడల దాకా వచ్చేసరికి గొంతు పోయింది, నోరు తెరుచుకునే ఉంది గాని శబ్దం రాలేదు. అవ్వ ఇంకా ఇసుక తోస్తూనే, “ఓర్సుకోప్పా, ఇంగ కొంచేపే, కాళ్లొస్తాయి నీకు” అంటోంది.

నాయన వంగి అవ్వ చెయ్యి పట్టుకున్నాడు.

“సాలు మా. వాడు మొండికేసి ఏడుస్తాండ్లేదు. వాడికి నొప్పయితాండాది.”

“గ్రహణం ఇడవకముందే తీస్తే పలితం ఉండదురా. నడక రాకుంటే రేపు వానిగతేమి?”

“రాకుంటే ఎత్తుకుని తిరుగుతా. నాకు చేతులుండాయి.”

అంత పొడుగు మాట నాయన నోట నేను అంతకు ముందు వినలేదు. ఇసుక రెండు చేతులతో తోడి, తమ్ముణ్ణి పైకి లాగి, ఎవరి వైపూ చూడకుండా ఇంటి దారి పట్టాడు. ఆయన వెనక అమ్మ, నేను పరుగెత్తాం.

ఇంటికొచ్చాక వాడి వణుకు ఆగలేదు. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. నాయనకు తెలిసిన పని ఒక్కటే కాబట్టి కాబోలు, వాడికి గొంగడి గట్టిగా చుట్టి, తనతో పాటు గుంటలోకి దించి, రెండు మోకాళ్ల నడుమ ఇరికించుకుని కూర్చున్నాడు. గ్రహణం వేళ మా వీధిలో ఎవరూ నాడె ముట్టరు. నాయన నేయడం మొదలుపెట్టాడు. చప్పుడుకు వాడు మళ్లీ ఏడుస్తాడని అమ్మ చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయింది. వాడు ఏడవలేదు. దూరం నుంచి వింటే ప్రాణం తీసే ఆ దెబ్బ, నాయన ఒంటికి అతుక్కుని ఉన్నప్పుడు వాడికి జోలపాటలా ఉందో ఏమో, కాసేపటికి తల వాల్చి నిద్రపోయాడు.

మర్నాటి నుంచి అది వాడి చోటైపోయింది. కొన్నాళ్లకు గొంగడి అక్కర్లేకపోయింది. నేల తగలకుండా వాడు తన పాదాలు నాయన పాదాల మీద పెట్టుకునేవాడు. నాయన చెక్క తొక్కినప్పుడల్లా వాడి కాలూ దిగేది, లేచేది. మొదట్లో బట్టబొమ్మ కాళ్లలా వేలాడేవి, రానురాను తామే నొక్కడం నేర్చుకున్నాయి. ఇదంతా నాయన ఏదో తెలిసి చేసింది కాదు. పిల్లవాడు ఊరుకున్నాడు, పని సాగుతోంది, అంతే. ఒకనాడు వాడు చెయ్యి చాచి మగ్గం మీది పట్టును మెల్లగా తాకాడు. తనంతట తాను కొత్తదాన్ని ముట్టుకోవడం అదే మొదలు. మరుక్షణమే పిడికిట పట్టి లాగితే పోగులు పుటుక్కుమని తెగాయి. నాయన కోప్పడలేదు. ఆ పూటంతా తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతూ, “మెత్తగుండాదా నాయనా” అని అడిగాడు. తమ్ముడు తలూపాడు.

నడక వచ్చింది, ఐదో ఏడు దాటాక. గుంట గట్టు పట్టుకుని లేచి, గోడ పట్టుకుని, ఒకరోజు ఏదీ పట్టుకోకుండా చాచీ గడప దాకా పోయాడు. ఆవిడ చేతిలో కండె కింద పడేసి వాడికి దిష్టి తీసింది. అంతా సర్దుకుందని చెప్పను. బడిలో అక్షరాలు వంకర పోయేవి, పరుగెత్తితే పడేవాడు, సన్నటి పోగు వాడి వేళ్లకు ఎప్పుడూ లొంగలేదు. నేత రాదని తేలాక అద్దకం వాళ్ల దగ్గర చేరాడు. తడిసి బరువెక్కిన పట్టు చిలపల్ని, అంటే పోగుల కట్టల్ని, పిండి, దులిపి, దండేలకు వేసే మోటుపని వాడి ఒంటికి పట్టింది. అక్కడే బతికాడు, పెళ్లి చేసుకున్నాడు, తాత అయ్యాడు. ఇప్పటికీ కొత్త చొక్కా పదిసార్లు ఉతికితే గాని తొడుక్కోడు, పెళ్లిలో మేళం మొదలైతే బయటికి పోయి నిలబడతాడు. వాడి భార్య ఒక గ్లాసులో కాఫీ తీసుకుని వెనకే పోతుంది.

నాయన పోయాక ఆ గుంట పూడ్చి బండలు పరిచారు. వీధిలో ఇప్పుడన్నీ కరెంటు మగ్గాలే. వాటి పక్కన మనిషి నిలబడగలడు గాని బిడ్డను కూర్చోబెట్టుకోలేడు. పిల్లలకు వైద్యం దొరుకుతోంది, చదువుకున్న ఓపికైన అమ్మాయిలు నేర్పుతున్నారు. ఆ రోజులే మేలని నేననను, ఇసుక గుంటలో ఆ కేక విన్నదాన్ని ఎలా అంటాను. ఒక్క అమ్మ సంగతే నాకు మింగుడుపడదు. తమ్ముడు నడిచినా, సంపాదించినా, గ్రహణం వచ్చిన ప్రతిసారీ ఆమె మూలన కూర్చుని ఎవరితోనూ మాట్లాడేది కాదు. కత్తిపీట ముట్టుకున్నది తానేనన్న నమ్మకంతోనే కన్నుమూసింది.

మనవరాలిని మొదటిసారి చూపించిన రోజు డాక్టరమ్మ మా అమ్మాయితో, “ఇందులో మీరు చేసిన తప్పేమీ లేదు” అంది. బస్సు ఎన్నింటికో చెబితే విన్నట్టు మా అమ్మాయి తలూపి, తర్వాత ఎప్పుడు రావాలని అడిగింది. తప్పు తనదేమోనన్న ఆలోచనే మా అమ్మాయికి ఎన్నడూ రాలేదు. నేను మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఆ మాటను లోపల్లోపల మళ్లీ మళ్లీ అనుకున్నాను, వినవలసిన మనిషి ఇంకా ఎక్కడో ఉన్నట్టు.