కర్ర మార్చావన్నారు మా నాన్నని

మా చిన్నప్పుడు... పొద్దున్నే కళ్ళు తెరిచేసరికే షెడ్డులో చిత్రిక చప్పుడు మొదలయ్యేది. మాది కంకిపాడు దగ్గర కాలవ గట్టున చిన్న ఊరు. నాన్న వడ్రంగి. రేకుల షెడ్డు, మధ్యలో పని బల్ల, గోడకి వరసగా రంపాలు, ఉలులు, బాడిస, మూలమట్టం... కరెంటు మీద నడిచేది ఒక్కటీ లేదు.

నేను ఒక్కగానొక్క కూతుర్ని. ఆడపిల్లకి ఇదెందుకని అమ్మ విసుక్కున్నా నాన్న వినలేదు. సానరాయి మీద ఉలికి పదును పెట్టడం, ముంజేతి మీద వెంట్రుక తెగితేనే పదును వచ్చినట్టని చూసుకోవడం, కర్ర నార ఎటు పోతే అటే చిత్రిక పట్టడం... అన్నీ నేర్పాడు. ఎదురు పడితే కర్ర రేగిపోతుంది.

అన్నిటికంటే కష్టమైన పాఠం ఆగడం. పచ్చి కర్రని నీడలో, మధ్యమధ్యలో పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చాలి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటేదాకా దాన్ని ముట్టుకోకూడదు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊళ్ళో సాంబశివరావు గారని ఒక రైతు కొత్త మేడ కట్టించారు. సింహద్వారం తలుపు తన పొలం టేకుతోనే ఉండాలని ఆయన పట్టు. మాఘంలో గట్టు మీద చెట్టు కొట్టించి ట్రాక్టరులో మా షెడ్డుకి తోలించారు. గృహప్రవేశం వైశాఖంలో!

నాన్న ఆయన ఇంటికి వెళ్ళి బతిమాలాడు. కర్ర పచ్చిగా ఉంది, వచ్చే ఏడాదికి గానీ పనికిరాదు, ముహూర్తానికి కలప అడితిలో ఆరిన కర్ర కొనుక్కుందామన్నాడు. ఆయన వినలేదు. నువ్వు చెయ్యకపోతే బెజవాడ నుంచి ఇంకొకళ్ళని పిలిపిస్తానన్నారు. నాన్న ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే...

ఆ కర్ర చెక్కుతుంటే బాడిస అంచు విరిగింది. ఎప్పుడో ముళ్ళకంచె కోసం చెట్టుకి కొట్టిన మేకు లోపలే ఉండిపోయింది. నాన్న దాన్ని లాగేసి, నల్లమచ్చ పడిన ఆ అంచుని కనపడకుండా బందుల వైపుకి తిప్పాడు. విరిగిన బాడిసని రెండు రోజులు రాయి మీద నూరింది నేనే.

శ్రావణం వచ్చేసరికి తలుపు మెలి తిరిగింది. పై మూల గుమ్మానికి రెండు వేళ్ళ ఎడంగా నిలబడింది. గడియ పడడం లేదు. కబురు వస్తే నాన్నతో నేనూ వెళ్ళాను.

వరండాలో అయిదారుగురు కాఫీలు తాగుతున్నారు. మమ్మల్ని కూర్చోమనలేదు.

"మా టేకు అమ్ముకుని ఏ అడవి కర్రో పెట్టావేంటి ఆచారీ?" అన్నారు సాంబశివరావు గారు, అందరికీ వినపడేలా.

దొంగ అనడం ఒక్కటే తక్కువ! నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాన్నా, మేకు మచ్చ చూపించు" అన్నాను.

నాన్న నా వంక చూసి, కదిలాడు. బందుల మరలు విప్పి, తలుపుని వరండాలో పడుకోబెట్టి, ఆ అంచు మీద వార్నిషు గీకాడు. నల్లమచ్చ, మధ్యలో మేకు బొక్క. ఆ చెట్టు కొట్టిన మనిషి అక్కడే ఉన్నాడు. వంగి చూసి, మన గట్టు మీద కంచె మేకేనండీ అన్నాడు.

"సర్లే, కర్ర మాదే. నీకు పని రాదన్నమాట" అన్నారాయన.

అప్పుడు లోపల కుర్చీలో ఉన్న వాళ్ళమ్మగారు నెమ్మదిగా అన్నారు. "ఆచారి వద్దన్నాడురా. ఆ రోజు నేనక్కడే ఉన్నా. ముహూర్తం ముహూర్తం అని పీకల మీద కూర్చుంది నువ్వు."

ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. అంతే. తప్పయిందని ఒక్క మాట... ఊహూ.

నాన్న ఆ తలుపుని రిక్షా మీద షెడ్డుకి తెచ్చాడు, మళ్ళీ చెయ్యడానికి! నేను ఏడ్చి గోల పెట్టాను.

"అన్నది ఆయన. తలుపేం చేసిందమ్మా?" అన్నాడు.

వేసవి దాకా నీడలో ఆరబెట్టి, కీళ్ళు ఊడదీసి, మెలి తీసి మళ్ళీ బిగించాడు. ఇప్పటికీ ఒక్క వేలితో తోస్తే మూసుకుంటుంది ఆ తలుపు.

కానీ ఆ మాట మాత్రం పోలేదు. తర్వాత ఎన్నేళ్ళో, ఎవరింట్లో పని ఒప్పుకున్నా "కర్ర మార్చవుగా ఆచారీ" అని నవ్వేవాళ్ళు. మచ్చని కళ్ళారా చూసినవాళ్ళు కూడా! నాన్నా నవ్వేవాడు... ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఈ రోజుకీ అన్నం సయించదు.

పోయిన వారం మా ఇంటికి తలుపు చూద్దామని బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక తలుపుల షోరూముకి వెళ్ళాం. అక్కడి కుర్రాడు "వడ్రంగుల్ని నమ్మకండి మేడమ్, టేకని చెప్పి ఏదో పెట్టేస్తారు" అన్నాడు. మా నాన్న వడ్రంగి అని చెప్పాను. మీ తలుపు లోపల ఏముందో కోసి చూపించగలరా అని అడిగాను. అతను మేనేజరుని పిలవడానికి వెళ్ళాడు. మేము బయటికొచ్చేశాం.

ఇప్పుడు తలుపు మీద కంపెనీ స్టిక్కరు ఉంటుంది, వారంటీ కార్డు ఉంటుంది. చేసిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు... అప్పుడు మనిషి ఎదురుగానే ఉండేవాడు, పేరు మాత్రం ఎవరూ పలకలేదు.

మా నాన్న పేరు నాగలింగం. మీరు పుట్టి పెరిగిన ఇంటి గుమ్మం ఎవరు చేశారో కనుక్కుని, ఆ మనిషి పేరు కింద రాయండి. గుర్తు లేకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి... వాళ్ళకీ తెలియకపోతే, ఆ సంగతే రాయండి.