సాయిలు కాక నీళ్లు అడగలేదు

చనిపోయిన ఒక మనిషిని నేను నరకంలో పెట్టాను. దేవుడు పెట్టాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం పెట్టాను. ఇరవై రెండేళ్లయింది. మొన్న మొన్నటిదాకా ఆయన్ను అక్కడి నుంచి తీయలేదు.

ఈ మాట నా భర్తతో అనలేదు. మా అమ్మ పోయేముందు ఆమె చేయి పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా అనలేదు. మీతో అంటున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు వస్తోంది. కానీ ఒకటి ముందే చెప్పేస్తాను. ఏడుస్తూ మీ ముందు మోకరిస్తానని అనుకోకండి. తప్పు నాది, ఒప్పుకుంటాను. తల మాత్రం దించను. ఎందుకో విన్నాక మీ ఇష్టం.

మాది బాన్సువాడ. బట్టలు కుడతాను. చిన్నప్పుడు మా నాయన మస్కట్‌లో ఉండేవాడు, ఇంట్లో అమ్మా నేనూ. గోడకు అవతలి ఇల్లు సాయిలు కాకది. ట్రాక్టర్ నడిపేవాడు. ఆయన భార్య రాజవ్వ బీడీలు చేసేది. వాళ్లకు పిల్లలు లేరు. రాజవ్వ, అమ్మ, నేను ప్రార్థనకు వెళ్లేవాళ్లం. కాక వచ్చేవాడు కాదు. బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటావని మా సంఘం పాస్టరు అయ్యగారు అడిగితే నవ్వేవాడు. "కాలువల నీళ్లు సల్లగుంటయ్ అయ్యగారూ, జర ఎండకాలం రానియ్యి" అనేవాడు. ఎండాకాలం వచ్చేది, పోయేది. సాయంత్రం కల్లు కాంపౌండ్ దగ్గర మాత్రం తప్పకుండా కనిపించేవాడు.

నాకు పదహారేళ్లప్పుడు, చలికాలం చివర, జ్వరం వచ్చింది. మూడో రోజుకు ఒళ్లు తెలియలేదట. అమ్మ కేకలు విని కాక గోడ దూకి వచ్చాడు. నన్ను సైకిల్ మీద కూర్చోబెట్టాడు. వెనక్కి వాలిపోతుంటే తన తువ్వాలతో నన్ను తన నడుముకు కట్టుకుని దవాఖానకు తొక్కాడు. ఆ తువ్వాల వాసన నాకు ఇంకా గుర్తుంది, డీజిల్‌ది. మిగతాదేదీ గుర్తు లేదు.

రెండు రోజుల తర్వాత తెలివి వచ్చింది. కళ్లు తెరవడానికి ఓపిక లేదు. చెవులు మాత్రం పని చేస్తున్నాయి. మంచం పక్కన అమ్మ, మా మేనత్త మెల్లగా మాట్లాడుకుంటున్నారు. సాయిలు కాక పోయాడు. కల్లు కాంపౌండ్ నుంచి వస్తూ దారిలో ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట, మళ్లీ లేవలేదట. "బిడ్డకు ఇప్పుడే చెప్పొద్దు, గుండె పగుల్తది" అంది అమ్మ. నేను విన్నాను. విన్నానని వాళ్లకు తెలియదు. నా తప్పంతా ఆ కాస్త చోటులోంచే మొలిచింది.

సాయంత్రం అయ్యగారి భార్య వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. చచ్చి బతికావు, ఏమన్నా కనిపించిందా అని అడిగింది. మంట కనిపించింది అన్నాను. అది అబద్ధం కాదు. నూటనాలుగు జ్వరంలో ఎవరికైనా మంటే కనిపిస్తుంది. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నాకు నచ్చింది. అంతవరకు నన్ను ఎవరూ అలా చూడలేదు.

మా సంఘాల్లో సాక్ష్యం చెప్పడం ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన. రేకుల షెడ్డు, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. రోగం తగ్గినవాళ్లు, ఆపద తప్పినవాళ్లు ముందుకొచ్చి మైకులో చెప్పాలి. దర్శనం చూసినవాళ్లు వస్తే మాత్రం షెడ్డు బయట కూడా మనుషులు నిలబడతారు. ఇంటికి వచ్చిన వారం తర్వాత నా చేతికి మైకు ఇచ్చారు. మంట గురించి చెప్పాను. అరుపుల గురించి చెప్పాను, అవి అంతకుముందు ఎవరెవరో చెప్పగా విన్నవే. అప్పుడు అయ్యగారు అడిగారు, అక్కడ ఎవరినైనా గుర్తుపట్టావా అని.

షెడ్డంతా నన్నే చూస్తోంది. పసిపిల్లలు కూడా ఏడవడం లేదు. లేదు అంటే అయిపోయేది. ఆ రెండు అక్షరాలు నా నోట్లో ఉన్నాయి, నాలుక కొన మీదే ఉన్నాయి, నేను వాటిని మింగి ఇంకో పేరు బయటపెట్టాను.

"సాయిలు కాక."

అమ్మ కెవ్వున అరిచింది. బిడ్డకు ఆయన పోయిన సంగతే తెలియదయ్యా, మేమింకా చెప్పనే లేదు అని ఏడుస్తూ నా కాళ్ల మీద పడింది. ఇంటికి వచ్చి వారమైనా నాకు చెప్పకుండా దాచింది పిచ్చి తల్లి, కాక ఊరికి పోయాడని చెబుతూ వచ్చింది. ఇక సాక్ష్యానికి రుజువు దొరికింది. అయ్యగారు రెండు చేతులూ ఎత్తారు. నన్ను బీర్కూర్ తీసుకెళ్లారు, జుక్కల్ తీసుకెళ్లారు, డోంగ్లిలో అయితే పక్కన ఒకాయన నా మాటలు మరాఠీలో చెప్పాడు. పోయిన ప్రతిచోటా సాయిలు కాకను మండించి వచ్చాను. నన్ను నడుముకు కట్టుకుని దవాఖానకు మోసిన మనిషిని.

అయ్యగారు అడిగారు కాబట్టి చెప్పాను అంటే మీరు నమ్ముతారా? నేను నమ్మను. ఆయన అడిగింది నిజమే. భయమూ నిజమే, ఆదివారం బడి నుంచి నూరిపోసిన భయం. కానీ ఆ రోజు నేను భయపడి చెప్పలేదు. అందరూ నన్నే చూస్తున్నారు కాబట్టి చెప్పాను.

ఇదంతా ఒక ఎత్తు. షెడ్డులో చెప్పిన మరుసటి రోజు మధ్యాహ్నం ఇంకో ఎత్తు.

షెడ్డులో ఆ గోలంతా రాజవ్వ ఆడవాళ్ల వైపు కూర్చుని విన్నది. మరుసటి రోజు తన బీడీల చాట పట్టుకుని మా ఇంటికి వచ్చింది. అమ్మ లేదు. నా ఎదురుగా కూర్చుని తునికాకులో తంబాకు పోసి బీడీ చుట్టడం మొదలుపెట్టింది. చేతులు ఆడుతూనే ఉన్నాయి. తల ఎత్తకుండానే అడిగింది.

"బిడ్డా, మీ కాకను నిజంగ సూసినవా?"

"సూసిన చిన్నవ్వా."

"నిన్ను సూసి ఏమన్న అన్నడా?"

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. మంటల్లో ఉన్నవాడు చుక్క నీళ్లు అడిగిన కథ ఆదివారం బడిలో విన్నదే, అదే నోటికి వచ్చింది.

"నీళ్లు అడిగిండు."

ఆమె చేతులు ఆగాయి. "నువ్విచ్చినవా?"

"ఆడ నీళ్లుండయి చిన్నవ్వా."

"ఎన్నొద్దులు గట్ల?"

"ఎప్పటికి గంతే. ఒడ్వదు."

రాజవ్వ చుట్టిన బీడీలు చాటలో సర్దుకుని లేచి వెళ్లింది. ఆ రోజు నుంచి పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఆమె మంచినీళ్లు ముట్టలేదు.

ఒక రోజు కాదు. ఒక ఎండాకాలం కాదు. ఇరవై రెండేళ్లు. రేకుల కింద, తంబాకు దుమ్ములో, పెదాలు పగిలి పొట్టు లేచేవి. నాకు పెళ్లయి రెండు వీధుల అవతలికి వెళ్లాను, అయినా వారానికోసారి చూస్తూనే ఉన్నాను. ఒకసారి చల్ల తీసుకెళ్లాను. పక్కన పెట్టి, "పొద్దుగూకినంక తాగుత బిడ్డా, గాయినకు లేంది నేనెట్ల తాగుత" అంది. నా మీద కోపం లేదు. నేను ఆయన్ను చూసి వచ్చినదాన్ని కదా, నేనంటే ఆమెకు ప్రేమ. కిడ్నీల్లో రాళ్లు వచ్చాయి. డాక్టర్ నీళ్లు తాగమని తిట్టాడు. సరే సారూ అంది, ఇంటికి వచ్చి మానేసింది. నొప్పికి నేల మీద దొర్లుతుంటే నేనే ఆటో పిలిచాను, నేనే తీసుకెళ్లాను. దారంతా నోరు తెరుద్దామనుకున్నాను. తెరవలేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా నెట్టుకొచ్చాను.

ఈ మధ్యలో నాకు ఊరట ఇచ్చే మాట కోసం వెతకలేదా? వెతికాను. బీర్కూర్‌లో ఒక పెళ్లికి వచ్చిన ముసలి ఉపదేశిని షామియానా చాటున పట్టుకుని అడిగాను, నరకంలో మంట ఎన్నాళ్లు అని. ఆయన కోతలయ్యాక పొలంలో మండుతున్న కొయ్యకాళ్ల వైపు చూపించాడు. "మంట ఆరది బిడ్డా, నిజమే. గని గడ్డి ఒడుస్తది. బూడిదను మళ్ల కాల్చేటోడు ఎవడుంటడు?" అన్నాడు. నాశనమంటే లేకుండా పోవడమేనట, నిత్యం వేగడం కాదట. తర్వాత ఫోన్‌లో ఇంకొకాయన ప్రసంగం విన్నాను. అది శిక్షించే మంట కాదు, కడిగే మంట, చివరికి అందరూ బయటికి వస్తారు అన్నాడు. మా అయ్యగారేమో చనిపోయేదాకా ఒకే మాట మీద ఉన్నారు, చివర లేదు అని. ముగ్గురి చేతుల్లోనూ అదే పుస్తకం.

నాకు గ్రీకు రాదు. హెబ్రీ రాదు. నాకు తెలిసింది రాజవ్వ. ఆమెకు తెలుగు అక్షరాలే రావు. మొగుడు దాహంగా ఉన్నాడని వింటే ఆమె గొంతులో నీళ్లు దిగలేదు. కల్లు తాగి వచ్చి అన్నం కంచం విసిరేసిన రోజులు కూడా ఉన్నాయి ఆ మొగుడికి. అయినా దిగలేదు. మరి మనందరి తండ్రి అని మనం పాడుకునే ఆయనకు ఎలా దిగుతాయి? కొడుకులూ కూతుళ్లూ చివర లేకుండా కాలుతుంటే ఆయన ఏ సింహాసనం మీద కుదురుగా కూర్చుంటాడు? బీడీలు చుట్టే ముసలిదానికంటే ఆయన ప్రేమ తక్కువా? తక్కువే అని ఎవరైనా అంటే, ఆ దేవుణ్ని వాళ్లే ఉంచుకోమనండి.

నా అబద్ధం బరువు తగ్గించుకోవడానికే ఈ మాటలన్నీ అల్లుకున్నానా? ఆ మాట నన్ను నేనే అడిగాను. కొంత అదే అయి ఉంటుంది. కానీ శిక్షే లేదని నేను అనడం లేదు. నాకు శిక్ష పడాలి. ఆమె పగిలిన పెదాలకు, నొప్పులకు, ఇన్ని ఎండాకాలాలకు పడాలి, గట్టిగానే పడాలి. చివర మాత్రం ఉండాలి. నా ఒక్కదానికే కాదు, సాయిలు కాకకూ, ఎవరికైనా. ఈ మాట దేవుడి ముందు నిలబడి ఆయనతోనే అంటాను.

పోయిన నెల అయ్యగారి అల్లుడు వచ్చాడు. ఇప్పుడు సంఘం చూసేది అతనే. నా సాక్ష్యం మళ్లీ ఒకసారి చెబితే వీడియో తీసి అందరికీ పంపుతాడట. రాజవ్వను కూడా పక్కన కూర్చోబెడదాం అన్నాడు. ఆ మాటతో నాలో ఏదో తెగింది. కుడుతున్న జాకెట్ పక్కన పడేసి ఉన్నదంతా చెప్పేశాను. అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, గా సాక్ష్యం ఇని ఎంతమంది మారిండ్రో ఎర్కేనా? ఇప్పుడు కాదంటే వాళ్లందరి గతేంది? దేవుని కాడ ఒప్పుకో, సాలు. బయట అనకు. అబద్ధమాడినోళ్లకు అగ్నిగుండమే, నీకు తెల్వంది కాదు."

"తెల్సు తమ్మీ," అన్నాను. "గా భయంతోనే ఇరవై రెండేండ్లు నోరు మూసుకున్న. ఇగ మూసుకోను."

దేవుడి దగ్గర ఒప్పుకోవడం సులువు. ఆయన దగ్గర ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. ఆయనకు దాహం వేయలేదు కదా.

మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం రాజవ్వ ఇంటికి వెళ్లాను. బీడీలు చుడుతోంది. ఇప్పుడు చూపు ఆనదు, వేళ్లకే పని తెలుసు. ఎదురుగా కూర్చుని చెప్పాను. దవాఖానలో కళ్లు మూసుకుని విన్నది చెప్పాను. మైకులో అన్నది చెప్పాను. నీళ్ల మాట చెప్పాను.

ఆమె చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి చాటలో వేసింది. తర్వాత అడిగింది.

"నీళ్లు అడగలేదా?"

"నేను కాకను సూడనే లేదు చిన్నవ్వా."

"మరి యాడున్నడు?"

"నాకు తెల్వది."

చాట పక్కన పెట్టింది. గోడ పట్టుకుని లేవబోయింది, మోకాళ్లు సహకరించలేదు. కుండ మూలన ఉంది. నేను లేచి చెంబు అందుకోబోయాను.

"నువ్వియ్యొద్దు," అంది.

తనే లేచింది. తనే ముంచుకుంది. నిలబడి, తల వెనక్కి వంచి, గుక్క తిప్పుకోకుండా తాగింది. సగం నీళ్లు మెడ మీదుగా రవికలోకి కారాయి. చెంబు దించి నా వైపు చూడకుండానే అంది.

"పో ఇగ. మళ్ల రాకు."

క్షమించానని అనలేదు. అనాలని నేను అడగలేదు, మీరూ అనకండి. వచ్చే శుక్రవారం షెడ్డులో మైకు ఇస్తే మైకులో, ఇవ్వకపోతే గుమ్మంలో నిలబడి ఇదే చెబుతాను. ఆ మధ్యాహ్నం రాజవ్వ వాకిట్లో ఎండకు నేల కాలుతోంది. చెప్పులు వేసుకుంటుంటే లోపల చెంబు మళ్లీ కుండలో మునిగిన చప్పుడు వినిపించింది.