గంగాళం గడప దాటొద్దు

సోమవారం పొద్దున, గుడి తలుపులు తీయకముందే పంతులుగారు ఫోన్ చేశారు. "సార్ పోయిన్రమ్మా," అన్నారు.

పదో తరగతితో ఆగిపోయిన నాకు, పిల్లలు స్థిరపడ్డాక, సిద్దిపేటలోని తన చిన్న కంప్యూటర్ సెంటర్‌లో ప్రోగ్రామింగ్ నేర్పిన సార్ ఆయన. నా తడబాటు చూసి ఎన్నడూ నవ్వలేదు. గురువారాలు గుడిలో పులిహోర వడ్డించేదీ ఆయనే. పిల్లలకు మిరపకాయలు, పళ్లు లేని ముసలమ్మకు పల్లీలు ఏరి తీసేసి పెట్టేవారు.

గుడిలో అర్చనల కోసం నేను ఒక యాప్ రాశాను. భక్తుల పేరు, గోత్రం, కోరిక డేటాబేస్‌లో ఉంటాయి. మొదటి రెండూ పంతులుగారు చదవడానికి. కోరిక మాత్రం వాళ్ల తరఫున నేను దేవుని ముందు మనసులో చెప్పుకోవడానికి. పంతులుగారి ఫోన్‌కు వివరాలు పంపాలంటే వాటిని జేసన్ అనే రూపంలోకి మార్చాలి. అలా మార్చే కోడ్‌ను, వివరాలన్నీ ఉండే మోడల్ ఫైల్‌లోనే పెట్టేశాను. ఉన్నవన్నీ ఒకేసారి వెళ్లిపోతాయి, పని సులువు.

"వేరే ఫైల్‌ల పెట్టు చెల్లె," అన్నారు సార్. "గంగాళం గడప దాటొద్దు. అడిగినోళ్లను చూసి వడ్డించాలె."

"చిన్న గుడి సార్, గింతదానికి ఇంకో ఫైలా?" అన్నాను.

మొదటి గురువారం పంతులుగారు ఫోన్‌లో వచ్చింది వచ్చినట్టే చదివారు. సార్ పేరు, గోత్రం, ఆ వెంటే అదే రాగంలో, "మా ఆమెకు తెలవకముందే గొంతు క్యాన్సర్ నయం కావాలె."

పక్కనే కూర్చున్న సార్ భార్య ఆయన వైపు తిరిగింది. "ఏందయ్యా, దేవునికి చెప్తివి, నాకు చెప్పొద్దా?"

ఆ రోజు కూడా పులిహోర ఆయనే వడ్డించారు. నా దొన్నెలో పెడుతూ, "కోడ్ మంచిగనే ఉన్నది చెల్లె. జాగనే తప్పింది," అన్నారు.

మీకిది చిన్న విషయంగా అనిపించవచ్చు. నేను మాత్రం యాప్ ఆపేశాను. లాప్‌టాప్ తెరిస్తే డేటాబేస్‌లో సార్ వివరాలున్న ఆ వరుసే కనబడుతుందని భయం. తర్వాత సార్ గొంతు పోయింది. నన్ను చూసినప్పుడల్లా రెండు అరచేతులు కలిపి, మూత తెరిచినట్టు విప్పేవారు. తెరిచావా అని. "రేపు సార్," అనేదాన్ని.

సోమవారం సార్ ఇంటికి వెళితే ఆయన భార్య నాకు జాగ ఇచ్చి కూర్చోబెట్టింది. "నిన్న గూడ చేతులతోని అడిగిండు, నువ్వు తెరిచినవా అని."

ఆ రాత్రే లాప్‌టాప్ తెరిచాను.

ఆ కోడ్‌ను ఇప్పుడు వేరే ఫైల్‌లో రాశాను. దానికి 'వడ్డన' అని పేరు పెట్టాను. సార్ వరుస చెరపలేదు, అది లోపలే ఉంది. నిన్న గురువారం పంతులుగారు మళ్లీ ఫోన్ చూసి చదివారు. పేరు, గోత్రం. ప్రతిదాని తర్వాత కాసేపు ఆగారు. ఆ నిశ్శబ్దంలో, ఎవరి పేరు వినబడిందో వారి పెదవులు తమ కోరికతో మెల్లగా కదిలాయి.