వెనక సీటు కొలత

గడియారాలు బాగుచేసే మనిషి చేతికి పెద్ద నట్లు అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. నలభై ఏళ్లు కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత మరలు తిప్పిన వేళ్లవి. ఇప్పుడు పదమూడో నంబరు స్పానరు పట్టుకున్నా, నిద్రపోతున్న పాపాయి బుగ్గ తాకినట్టే తిప్పేవాడు.

"బాబాయ్, అది బోల్టు. ఏడవదులే, గట్టిగా బిగించు," అనేవాడు ఎదురింటి ప్లంబరు, గుమ్మంలో నిలబడి.

ఇంటి ముందు నీడలో ఉన్నది మూడు చక్రాల మోటార్‌సైకిలు. ముందు ఒకటి, వెనక రెండు. నిరుడు పాతది చూసి కొన్నాడు. అంతకు రెండేళ్ల ముందు, వాన వెలిసిన ఓ సాయంత్రం, వంతెన దిగే మలుపులో అతని రెండు చక్రాల బండి జారింది. అతని మోకాలు విరిగింది. వెనక కూర్చున్న భార్య మోచెయ్యి విరిగింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ, ఆమె మళ్లీ బండి ఎక్కలేదు. ప్రతి ఆదివారం వంతెన అవతల ఆమె అక్క ఇంటికి ఇద్దరూ కబుర్లాడుకుంటూ ఒకే బండి మీద వెళ్లేవారు. ఇప్పుడు ఆమె బస్సులో, అతను బండి మీద. మలుపు దగ్గర బస్సు అతన్ని దాటిపోయేది. కిటికీలో ఆమె కొంగు అంచు ఒక్క క్షణం కనిపించి మాయమయ్యేది.

"మీ వల్లే పడ్డాం" అని ఆమె ఎప్పుడూ అనలేదు. అనలేదు కాబట్టే ఆ మాట అతనికి రోజూ వినిపించేది.

ఆమెను ఆ వెనక సీటు మీద కూర్చోబెట్టాలి. బండికి తగిలించిన ప్రతి వస్తువూ అందుకోసమే.

"వెనక ఆనుకోవడానికి ఏముంది గనక?" అని ఒకసారి ఆమె తేలిగ్గా అనేసింది. నెల తిరక్కుండా ఇనుప గొట్టాలు వంచి, పలక బిగించి, స్పాంజి అతికించి వీపుదిండు చేశాడు. ఆమె దర్జీ. అతను కాగితం మీద రాసిచ్చిన కొలతలకు దిండు తొడుగు ఆమే కుట్టింది. "ఇంత పెద్దదా?" అని అడిగింది కూడా. స్పానరు వెతుకుతున్న అతను ఆ మాట చెవిన వేసుకోలేదు.

"పట్టుకోవడానికి?" అంటే సీటుకు రెండువైపులా పిడులు వెలిశాయి. "సంచి ఎక్కడ పెట్టుకోను?" అంటే తాళం వేసే పెట్టె వచ్చింది. పాదాలు పెట్టుకోవడానికి చెరోవైపు రబ్బరు పరిచిన పలకలు అమరాయి. చివరికి, వెనక ఆమె ముఖం కనబడాలని హ్యాండిల్ మధ్యలో మూడో అద్దం బిగించాడు.

"ఇంకో అద్దం పెట్టావంటే జనం క్షవరానికి వచ్చేస్తారు బాబాయ్," అన్నాడు ప్లంబరు.

ఆదివారం పొద్దున ఆమె సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. పిడి పట్టుకుని, ఎక్కి కూర్చుంది. అతను ఊపిరి బిగబట్టాడు, మర తిప్పేటప్పుడు బిగబట్టినట్టే.

ఒక నిమిషం. ఆమె ముఖంలో రంగు దిగిపోయింది.

"కుదరదండీ," అని దిగి లోపలికి వెళ్లిపోయింది.

అతను మెట్టు మీద కూలబడ్డాడు. పెట్టడానికి ఇంకేమీ మిగల్లేదు. బండి తళతళలాడుతూ, ఎవరూ రాని విందుకు ముస్తాబైనట్టు నిలబడి ఉంది.

కాసేపటికి ఆమె మళ్లీ వచ్చింది. మెడలో కొలత టేపు వేలాడుతోంది.

"ఇదంతా ఎవరి ఒంటికి కుట్టారు?"

"అంటే?"

"ఎవర్ని కూర్చోబెట్టి చూశారు అంటున్నా."

"మన ప్లంబరుని."

"ఆ తాటిచెట్టునా!"

"నాకు వినపడుతోంది పిన్నీ!" అన్నాడు ప్లంబరు, ఎదురింటి గుమ్మంలోంచి.

"వినపడాలనే అన్నాన్రా. పోయి నీ కుళాయిలు చూసుకో."

ఆమె మళ్లీ ఎక్కి కూర్చుని, టేపు ఒక కొస అతని చేతికిచ్చింది. మోకాలి నుంచి మడమ దాకా పదహారు అంగుళాలు. పలక దాకా పంతొమ్మిది. ఆమె పాదాలు గాలిలో వేలాడుతున్నాయి.

"ఆ బండి మీదా ఇంతే," అంది ఆమె, టేపు వంక చూస్తూ. "బొటనవేలు మాత్రమే ఆనేది. మలుపులో అదీ జారింది. నేను ఒక పక్కకి ఒరిగిపోయాను. బండి పడింది నా వల్లండీ."

"నేను బ్రేకు గట్టిగా నొక్కేశాననుకున్నా."

"ఎక్కడ? మీరు నెమ్మదిగానే పోతున్నారు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మోకాలికి కట్టు కట్టుకుని పడుకున్న మనిషితో ఏమని చెప్పను? తర్వాత చెప్పాలంటే నోరు రాలేదు."

అతను నేల మీద మోకాళ్లపైనే ఉండిపోయాడు. టేపు కొస ఇంకా చేతిలోనే ఉంది. నలభై ఏళ్లు అందరి గడియారాలూ సరిచేశాడు. పక్కనే ఆగిపోయిన ఒక సాయంత్రం మాత్రం అతని కంటికి ఆనలేదు.

"మూడంగుళాలు," అన్నాడు చివరికి.

"అవును. మూడే."

ఆ పూట అక్కకు ఫోన్ చేసి ఆలస్యంగా వస్తామని చెప్పారు. ఆమె సుద్దముక్కతో గుర్తు పెట్టింది, అతను కొత్త రంధ్రాలు తొలిచాడు. పలకలు మూడంగుళాలు పైకి వచ్చాయి, వీపుదిండు అరచెయ్యంత ముందుకు జరిగింది. చివరి నట్టు బిగిస్తుంటే కిర్రుమంది.

"ఇప్పుడు ఏడ్చింది బాబాయ్!" అని చప్పట్లు కొట్టాడు ప్లంబరు.

మధ్యాహ్నం ఎండలో బండి వంతెన ఎక్కింది. కింద నది ఎవరికోసమూ తొందరపడకుండా సాగుతోంది. మలుపు దగ్గరయ్యేకొద్దీ అతని చేతులు హ్యాండిల్ మీద బిగుసుకున్నాయి. మూడో అద్దంలోకి చూశాడు. అందులో ఆకాశమే ఉంది, ఒక తెల్ల మబ్బు ముక్కతో.

"కనిపించడం లేదేంటి నువ్వు?" అని కంగారుగా అరిచాడు.

"అది కూడా తాటిచెట్టు ఎత్తుకే పెట్టారుగా!"

వేగం తగ్గించి, అద్దాన్ని వేలితో కొంచెం కిందికి వంచాడు. మబ్బు పైకి జారిపోయింది. ఆమె నుదురు వచ్చింది, తర్వాత కళ్లు. తెరిచే ఉన్నాయి.

"రోడ్డు చూడండి," అంది.

బండి మలుపు తిరిగింది.