సంచి నిలబడిన లైను

లైనులో నిలబడటమంటే నాకు ఒళ్ళు మంట. బ్యాంకులో టోకెను చేతికిచ్చి కూర్చోమన్నా, ఇంకా ఎంతసేపని రెండుసార్లు లేచి అడిగొస్తాను. మా అమ్మ అలా కాదు. లైను కనిపిస్తే చాలు, అది దేనికో తెలియకముందే పోయి చివర నిలబడే రకం. "ఓర్చినమ్మకు తేటనీరు" అని మా చిన్నప్పుడు ఎన్నిసార్లు అన్నదో. ఆ ఓర్పు అమ్మ దగ్గరే ఆగిపోయింది, నా దాకా రాలేదు.

కంచన్‌బాగ్ వెనక మా బస్తీకి అప్పట్లో నీళ్ల ట్యాంకర్ రోజు విడిచి రోజు వచ్చేది. బాపుకు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పొద్దుటి షిఫ్టు, అమ్మకు నీళ్ల షిఫ్టు. ట్యాంకర్ వచ్చేసరికి బిందెలు లైనులో ఉండాలి, అంతే. మనుషులు ఉండనక్కర్లేదు. బిందె పెట్టి, వెనక బిందె ఆమెకు "నా నంబర్ చూడు" అని ఒక్క మాట చెప్పి ఇంటికి పోయి అన్నం వండుకోవచ్చు. లైను కదిలినప్పుడల్లా వెనకామె తన బిందెతో పాటు మన బిందెను కూడా కాలితో ముందుకు జరుపుతుంది. మన వంతుకు మనం రాకపోతే తనే నింపి పక్కన పెడుతుంది. ఆమెది ఏ మతం, నిన్న మనతో లొల్లి పెట్టుకుందా లేదా అనేది నీళ్ల దగ్గర ఎవరూ చూడరు. తిట్టుకుంటూనైనా సరే జరపాల్సిందే.

రేషను, గ్యాసు, ఆస్పత్రి చీటీ, నా స్కూలు ఫారం, అన్ని లైన్లూ అమ్మవే. ఇన్ని లైన్లలో నిలబడి తన కోసం తెచ్చుకున్నది మాత్రం ఒక్కటీ నాకు గుర్తు లేదు. నీళ్లు కూడా మేమంతా పోసుకున్నాక మిగిలితేనే తన తలకు. నా చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కితే అమ్మ కింద నిలబడి మా చెప్పులు పట్టుకుంది. "నాకు కండ్లు తిరుగుతయ్" అంది. కానీ చక్రం తిరుగుతున్నంతసేపూ నోరు తెరుచుకుని పైకే చూసింది. నేను పైనుంచి చూశాను. పెద్దయ్యాక ఆ ముఖం గుర్తొస్తే ప్రేమ కంటే ముందు కోపం వచ్చేది నాకు.

అందుకే, పోయిన ఎండాకాలం సెలవుల్లో ఊరి బయటి పెద్ద పార్కుకు తీసుకెళ్లమని నా కూతురు అడిగినప్పుడు, అమ్మను కూడా రమ్మన్నాను. ఈసారి ఆమెను జెయింట్ వీల్ ఎక్కించి తీరాలని నా పంతం. జల్‌పల్లిలో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారి పోయేసరికే ఎండ నెత్తికెక్కింది.

పార్కులోకి అడుగు పెట్టగానే అమ్మ తన పనిలో పడింది. "మీరు అటు తిరిగి రాండ్రి, నేనీడ నంబర్ పడ్త" అని పడవ ఊయల లైనులో చేరింది. మేము నీళ్ల జారుడుబండ ఆడి వచ్చేసరికి అమ్మ అందరికంటే ముందు ఉంది. మమ్మల్ని లోపలికి పంపి, తను రెయిలింగ్ కింద నుంచి వంగి బయటికొచ్చి, ఇంకో ఆట లైనులోకి నడిచింది. అట్లా మధ్యాహ్నం దాకా నాలుగు ఆటలు. నా కూతురికి పండుగే. వెనకున్న కుర్రాడొకడు "ఆంటీ, ఇట్ల నడువదు ఇక్కడ" అని విసుక్కున్నాడు. అమ్మ అతని చేతిలో వాటర్ బాటిల్ పెట్టి "ఎండల ఉన్నవ్, తాగు" అంది. వాడు తాగాడు కూడా.

మూడింటికి జెయింట్ వీల్ దగ్గరికి వెళ్లాం. పాములా మలుపులు తిరిగిన లైను. ముగ్గురం కలిసే నిలబడ్డాం. "ఈసారి నువ్వు ఎక్కాలె, ఒట్టు" అని అమ్మ చేయి నా నెత్తి మీద పెట్టించుకున్నాను. అరగంటకు నా కూతురు బాత్రూం అంది. అక్కడా లైనే. తిరిగొచ్చేసరికి అమ్మ లైనులో లేదు, ఎదురుగా వేపచెట్టు నీడలో బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"లైన్ ఏదమ్మా?"

"ఉన్నది. సంచి పెట్టిన. మోకాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా. వెనకామెకు చెప్పే వచ్చిన."

నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. "ఇది ట్యాంకర్ లైన్ కాదమ్మా! సంచి పెడితే తీసి అవతల పారేస్తరు! ఇంతసేపు నిలబడ్డదంతా బూడిదల పోసిన పన్నీరే!" అని అరిచాను. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. నా కూతురి ముఖం చిన్నబోయింది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

లైను వెంట వెతుక్కుంటూ పోయాను. మేము నిలబడ్డ చోట సంచి లేదు. దాని ముందు మలుపులోనూ లేదు. గేటు దగ్గర చివరి మలుపులో కనిపించింది, బట్టల షాపు వాళ్లిచ్చిన మా పసుపు సంచి, నేల మీద నిటారుగా. దాని వెనక బుర్ఖాలో ఒకామె, అమ్మ వయసే ఉంటుంది. యూనిఫాం వేసుకున్న అతను ఆమెతో వాదిస్తున్నాడు.

"లైన్ల సామాన్లు పెట్టొద్దమ్మా. ఎవరిదిది?"

"సామాన్ నహీ బేటా, నంబర్ హై" అందామె. లైను ఒక అడుగు కదిలింది. ఆమె చెప్పుకాలితో సంచిని నెమ్మదిగా ముందుకు జరిపింది. అతనికేమీ అర్థం కాక తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

నన్ను చూసి "ఆమె బిడ్డవా? ముఖం అట్లనే ఉంది. మీ అమ్మీని పిలువు, జల్దీ" అంది. "ఎక్కడుంటరు ఖాలా?" అని పిన్నిని పిలిచినట్టే అడిగాను. చాంద్రాయణగుట్ట అట. "బిందెలు జరిపి జరిపి ఈ కాలు అరిగింది" అని నవ్వింది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అమ్మను, పాపను పిలుచుకొచ్చాను. గేటు తెరుచుకుంది. అమ్మ మనవరాలి భుజం పట్టి ముందుకు తోసింది. సంచి తీసుకుని, పొద్దుటి నుంచి చేస్తున్నట్టే, రెయిలింగ్ కిందికి వంగింది.

"మీరిద్దరు ఎక్కుండ్రి. నేను సంచి చూస్త. నా జాగల ఈ అమ్మను ఎక్కనియ్."

ఒట్టు గుర్తు చేసే ఓపిక కూడా నాకు లేదు. ఇంతేలే అనుకున్నాను. ఖాలా మాత్రం చేయి అడ్డం పెట్టింది.

"నీ నంబర్ నేనెట్ల తీసుకుంట? గేటు దాకా జరిపింది నీ కోసం. బిందె అయితే నేనే నింపి పక్కకు పెడ్తుంటి. ఝూలా నీకు బదులు నేను ఎక్కరాదు గద అమ్మా. నువ్వే ఎక్కాలె. ఎక్కు."

ముప్పై ఏళ్లు అమ్మ పాటించిన న్యాయం అది. వంగిన మనిషి లేచి నిలబడింది. సంచి ఖాలా చేతికిచ్చి, అలవాటుగా చెప్పులు విప్పబోయింది. "అమ్మమ్మా, చెప్పులతోనే!" అని పాప చేయి పట్టి లోపలికి లాగింది.

పైకి లేస్తుంటే అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని నా చేయి నలిపేసింది. పూర్తిగా పైకి వెళ్లాక చక్రం ఆగింది. ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. "అగో, ఎంత దూరం కనవడ్తుందే!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. నేను ఏడ్చాను, దాచుకోలేదు కూడా. అమ్మ నన్ను చూడలేదు. రెయిలింగ్ మీదుగా కిందికి చూస్తూ "ఆమె ఎక్కిందా?" అని అడిగింది. ఖాలా మా వెనక పెట్టెలోనే ఉంది, ఒళ్లో మా పసుపు సంచితో.

దిగాక ఆమె దిగేదాకా అమ్మ కదల్లేదు. సంచి తీసుకుని, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పేర్లు అడగలేదు ఇద్దరూ. ఖాలా తనవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

అమ్మ వచ్చి మళ్లీ అదే బెంచీ మీద కూర్చుంది. మోకాళ్లు ఒత్తుకుంటూ కాసేపు చక్రం వైపు చూసింది.

"ఇంకోసారి ఎక్కుదమా?"

పాప ఎగిరి గంతేసింది. "లైన్ చూసినవా? ముందటికంటే పెరిగింది" అన్నాను నేను.

"పెరగనియ్. నువ్వు పోయి నిలబడు. నంబర్ వచ్చినంక నన్ను పిలువు."

తన కోసం నిలబడమని అమ్మ ఎవరినైనా అడగటం నాకు తెలిసి అదే మొదటిసారి. నేను పోయి చివర నిలబడ్డాను. ఇంకా ఎంతసేపని ఎవరినీ అడగలేదు.