తాళం వేసిన గదిలో వెలుగు

ఈ రోజు సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి ఇంటి ఓనరక్క మెట్ల దగ్గరే నన్ను ఆపేసింది. బదిలీ మీద ఉరవకొండ వచ్చాక, స్కూలు పని మీద కాకుండా నన్నెవరైనా పలకరించడం ఇదే మొదలు అనుకుంటా.

"ఏమప్పా సారూ, బీగమేసుకొని పోయినావు కదా, లోపల ఎవురుండారు? కిటికీలో వెలుగు కనపడతాండాది."

గబగబా పైకెక్కాను. తాళం తీసి చూస్తే మనిషి లేడు. పొద్దున నేను ఆపేసి వెళ్లిన కంప్యూటర్ దర్జాగా నడుస్తోంది. సెకండ్ హ్యాండ్‌ది. సెట్టింగుల్లో వెతికితే సంగతి తెలిసింది. కరెంటు పోయి వస్తే తనంతట తానే ఆన్ అయ్యేలా పాతాయన పెట్టుకున్నాడు.

చెబితే అక్క నవ్వింది. "మా బోరు మోటరుకు పెట్టిన ఆటో స్టార్టరు మాదిరే ఉండాదే! కరెంటొస్తానే లేస్తాది. నీళ్లు లేకున్నా తిరుగుతాంటాది. తీసెయ్యప్పా, ఊరికే కాలిపోతాది."

తీసేశాను. అక్క కిందికి వెళ్లిపోయింది.

కాసేపటికి కరెంటు పోయి వచ్చింది. చుట్టుపక్కల ఇళ్లలో టీవీలన్నీ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాయి. నా గదిలో మాత్రం కంప్యూటర్ కూడా లేవలేదు. ఆ నిశ్శబ్దంలో ఎంతసేపు కూర్చుంటాం చెప్పండి? ఆన్ చేసి, సెట్టింగును మళ్లీ ఎప్పటిలాగే పెట్టేశాను.

కాలిపోతే కాలిపోనీ. రేపు కూడా అక్క నన్ను మెట్ల దగ్గర ఆపి, లోపల ఎవరున్నారని అడగాలి.

అప్పుడు అక్కకు ఏం చెప్పమంటారు?