నెట్టికంటప్ప చెవి

హచ్చొళ్ళిలో పెళ్ళి కుదిరితే ముందు పురోహితుణ్ణి అడుగుతారు, ఆ కాళ్ళతోనే నెట్టికంటప్ప ఇంటికి వస్తారు. పురోహితుడు రాకపోయినా ఎలాగో ఒకలాగు తాళి పడుతుంది గానీ, మైకుసెట్టు లేకుండా ఆ ఊళ్ళో పెళ్ళి జరిగిందంటే ఎవరూ నమ్మరు. సిరుగుప్ప చుట్టుపక్కల కాలవ కింద వరి పండే ఊళ్ళన్నింటిలో ఆయన హారన్లు మోగని గడప లేదు. ఇక వినికిడికైతే ఆయన పెట్టింది పేరు. ఏ హారన్‌లో పొర చిరిగిందో, ఏ వైరు వదులైందో పందిట్లో కుర్చీ వేసుకుని, తల ఒక పక్కకు వంచి, కూర్చున్నచోటి నుంచే చెప్పేసేవాడు. ఆ తల వంపును ఊళ్ళో పిల్లకాయలు అనుకరించేవాళ్ళు. ఆయనకు అది తెలుసు, లోలోపల మురిసిపోయేవాడు కూడా.

కోడలు హారతిది సండూరు పక్కన బండ్రి. పెళ్ళై వచ్చిన రోజే అత్త ఓబులమ్మ చెవిలో వేసింది: "గిన్నె కింద పెట్టినా మీ మామకు తెలిసిపోతాది. చూసుకో." ఆ పిల్ల నిజంగానే భయపడి, మొదటి ఏడాదంతా కాళ్ళ పట్టీలు విప్పి బీరువాలో దాచుకుంది. మొగుడు సుదర్శన్ గనుల దగ్గర లారీ తోలుతాడు, ఇంటికి వచ్చేది ఎప్పుడో. అందుకని ఆమె కాపురమంతా అత్తామామలతోనే. మామ ఒక్కనాడూ గొంతు పెంచింది లేదు. సంతకు పోతే ఆమెకు మల్లెపూలు, మనవరాలికి బొరుగులుండ తేకుండా గుమ్మం తొక్కడు. ఆయనంటే హారతికి కన్నతండ్రి మీద ఉన్నంత ప్రేమ. తర్వాత జరిగినదానికి ఆ ప్రేమే కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆయన చెవి సంగతి హారతికి ఒక మధ్యాహ్నం తెలిసింది. పాపకు ఒళ్ళు కాలుతోంది. థర్మామీటరు చంకలో పెట్టి, "కుయ్యిమంటే పిలువు మామా" అని చెప్పి కాఫీ కలపడానికి లోపలికి పోయింది. అది కూస్తోంది. వంటింట్లోకి వినపడుతోంది. పరుగున వచ్చి చూస్తే, ఆయన ఆ పుల్లనే కళ్ళార్పకుండా చూస్తూ, "ఇంకా కుయ్యలేదమ్మా" అన్నాడు. అది ఆయన కళ్ళ ముందే కూస్తూనే ఉంది. హారతి దాన్ని తీసి ఆపింది. అత్తకు చెబితే, "ఏదో ధ్యాసలో ఉండింటాడు, బిడు, వదిలెయ్" అని కొట్టిపారేసింది. హారన్ల పక్కన నిలబడి బతుకంతా గడిపిన మనిషికి సన్నని శబ్దాలు ఒక్కొక్కటే రాలిపోయాయని ఆ ఇంట్లో ఆమెకొక్కతెకే తెలుసు.

అటువంటి రోజుల్లో తిరుమలేష్ వచ్చాడు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్న వాళ్ళ క్యాంపు ఒకటి ఊరి పక్కనే ఉంది, అక్కడి కుర్రవాడు. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ ఉద్యోగం చేసి, విసిగి తిరిగొచ్చాడు. అతనికి పాటల పిచ్చి. ఫోన్లో పాటంటే ఉత్త అంకెలేనట, ఆ అంకెల్ని మళ్ళీ శబ్దంగా మార్చే కన్వర్టర్ మంచిదైతే, పాడినవాడు మన ఇంట్లో కూర్చుని పాడినట్టే ఉంటుందట. అయితే అటువంటి పెట్టె కొనాలంటే పాడిగేదెను అమ్ముకోవాలి. "అందరం తలా కొంత ముందే వేసుకుంటే, అందరికీ అందే ధరలో నేనే చేసిస్తానండీ" అని అతను ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టాడు, ఊళ్ళోనూ అడిగాడు.

ఇంటర్నెట్ సంగతి ఏమో గానీ, చందా అంటే ఈ ఊళ్ళకు కొత్త కాదు. గుడికైనా పీర్ల పండగకైనా ఇచ్చినవాడి పేరు మైకులో చదవాలి, లేకపోతే ఇచ్చినా ఇవ్వనట్టే. తిరుమలేష్ అది తెలిసినవాడే, అందుకే నెట్టికంటప్పను కలుపుకున్నాడు. సాయంత్రాలు ఆ పెద్దాయనే మైకు ముందు కూర్చుని, కన్వర్టర్‌కు చందా వేసినవాళ్ళ పేర్లు తండ్రి పేరుతో సహా చదివేవాడు. పక్కింటాయన పేరు వినపడ్డాక ఎవరు ఊరుకుంటారు? పేజీలో కూడా నెట్టికంటప్ప బొమ్మే, తల ఒక పక్కకు వంచిన బొమ్మ. కింద రాసింది: ఈ చెవి సరేనన్నాకే పెట్టె మీ ఇంటికి వస్తుంది.

మొదట చేసిన నమూనా పెట్టె నిజంగా బంగారమే. అందులో పాట విని హారతికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఆ తర్వాత ధర దించడానికి తిరుమలేష్ లోపల కరెంటు ఇచ్చే భాగాన్ని మార్చి, చవకది వేశాడు. అలాంటి పెట్టెలే అందరికీ తయారుచేయమని బెంగళూరుకు చెప్పేసి, ఒకటి పట్టుకుని వచ్చాడు.

స్విచ్ వేయగానే హారతి పళ్ళు బిగుసుకున్నాయి. పాటకు పైన, పాటతో సంబంధం లేకుండా, సన్నటి ఈల. చెవిలో సూది దించి తీయడం మరిచిపోయినట్టుంది. ఒళ్ళో పాప ఉలిక్కిపడి గుక్కపట్టింది. గడపలో పడుకున్న కుక్క లేచి, తోక ముడుచుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. నెట్టికంటప్ప మాత్రం కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నాడు.

తిరుమలేష్ మొహం చిన్నబోయింది. "పైన సన్నగా ఈల లాంటిది ఏమైనా వస్తోందాండీ?" అని అడిగాడు.

"ఈలా? యాడప్పా ఈల? నీ చెవిలో గుబిలి పేరుకోనుంటాది, తీపిచ్చుకో పో" అని ఆయన నవ్వాడు. వినడానికి వచ్చిన పెద్దవాళ్ళంతా నవ్వారు. వాళ్ళకూ ఏమీ వినపడటం లేదు మరి. తిరుమలేష్ హారతి వైపు చూశాడు. ఆ ఇంట్లో ఇంకో పడుచు మనిషి ఆమే. హారతి తల దించుకుని పాపను జోకొట్టింది. మామ మాట మీద కోడలు మాట ఎట్లా తెస్తుంది? "చాలు, మంచిదండీ" అన్నాడు తిరుమలేష్. పెద్దాయన ఒప్పుకున్నాక అతను మాత్రం ఎందుకు తగువు పెట్టుకుంటాడు, పెట్టెలన్నీ అప్పటికే తయారవుతుంటే!

హారతి మొగుడికి ఫోన్ చేసి చెప్పింది. అటువైపు లారీల మోతలో సుదర్శన్ మండిపడ్డాడు. "మా నాయన చెవికి వంక పెట్టేంతదానివైతివా? నోరు మూసుకోని సుమ్నె ఉండు."

ఆమె ఊరుకోలేకపోయింది. మామ ఆ పెట్టెను ఇంట్లోనే పెట్టుకుని, రోజూ సాయంత్రం వచ్చినవాళ్ళకల్లా వినిపిస్తున్నాడు. రోజూ పాప వెక్కి వెక్కి ఏడుస్తోంది. చివరికి ఒక ఉదయం, ఆయన హారన్లు తుడుచుకునే గదిలోకి వెళ్ళి, గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పేసింది.

"మామా, తప్పుగా అనుకోవద్దు. ఆ పెట్టెలో ఈల ఉండాది. నాకు వినపడతాండాది. పాపకూ వినపడతాండాది."

ఆయన పెట్టె తెచ్చి ఆమె చేతికిచ్చి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "పాట వద్దు. ఉత్త పెట్టె వెయ్యి, ఆపు. ఎప్పుడు మోగతాండాదో నేను చెయ్యెత్తతా."

ఆమె వేసింది. చెయ్యి లేవలేదు. ఆపింది. కాసేపటికి చెయ్యి లేచింది. మళ్ళీ వేసింది, ఆ చెయ్యి దిగిపోయింది. ముసలాయన వీపు నిటారుగా బిగుసుకుని ఉంది, పరీక్ష రాసే పిల్లవాడిలా. హారతికి ఏడుపు ముంచుకొచ్చింది.

"సరిపోయిందా?" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

"లేదు మామా."

ఆయన హారన్లు తుడిచే గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నా చెవి పోయిందని తెలిస్తే ఈ హారన్లు పాత ఇనపసామాన్లకు పోవాల్సిందే. నన్ను యాడా పిలవరు. చెప్తాలే. పెట్టెలు పంచే దినం మైకులో నేనే చెప్తా. అంతవరకూ నీ నోట్లోంచి రాకూడదు."

ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది, పూలు తెచ్చిపెట్టే మామ. అప్పటినుంచి సాయంత్రమైతే పాపను ఎత్తుకుని కాలవ గట్టుకు వెళ్ళిపోయేది.

పెట్టెలు వచ్చాయి. బడి ముందర షామియానా వేశారు. నెట్టికంటప్ప కొత్త పంచె కట్టుకుని పేర్లు చదివాడు, ఒక్కొక్కరే వచ్చి అందుకున్నారు. ముందు వరసలో అందరూ వినడానికి ఒక పెట్టె మోగుతోంది. దాని చుట్టూ చేరిన పిల్లలంతా ముందు నవ్వులాటగా, తర్వాత నిజంగానే చెవులు మూసుకున్నారు. ఆయన వాళ్ళను చూశాడు. చూశాడని హారతికి తెలుసు, ఎందుకంటే చదువుతున్న పేరు మధ్యలో ఆగిపోయింది.

"ఇంకొక మాట" అన్నాడు. ఇప్పుడు చెప్పేస్తాడనుకుంది హారతి.

"దీంట్లో ఏందో ఈల ఉండాదని కొందరు గుసగుసలాడతాండారంట. నా ఇంట్లో పెట్టె దినామూ మోగతాండాది. నా కోడలు అబద్ధమాడదు, ఊరికంతా తెలుసు. రామ్మా హారతీ, నువ్వే చెప్పు."

జనం దారి ఇచ్చారు. ఎప్పుడు లేచిందో, ఎట్లా నడిచిందో ఆమెకు గుర్తు లేదు. ఆయన మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆ కళ్ళు బెదిరించడం లేదు. బెదిరించినా బాగుండేది, ఆమె నిజం చెప్పేసేదేమో. ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. పక్కన తిరుమలేష్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఏమీ లేదు" అంది హారతి. నాలుగు దిక్కుల హారన్లలోంచి ఆ మాట వరిమళ్ళ మీదుగా దూరం దాకా పోయింది. జనం చప్పట్లు కొట్టారు. నెట్టికంటప్ప కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

ఆ వారం నుంచి హచ్చొళ్ళికి ఏదో పట్టుకుంది. దీపాలు పెట్టే వేళకు ఇంటింటా పాట మొదలవుతుంది, ఇంటింటా పసిపిల్లలు ఏడుపు అందుకుంటారు. కుక్కలు వీధులు వదిలి కాలవ అవతలికి పోతాయి. ఊరికి గాలి సోకిందని అక్కమ్మ అనే ముసలామె అంటే, గుమ్మాలకు వేపమండలూ నిమ్మకాయలూ వేలాడాయి. పెట్టె మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చిన ఒకరిద్దరికి పక్కవాళ్ళే జవాబు చెప్పారు, హారతి చెప్పె గదా అని. కొళాయి దగ్గర ఒక బాలింత ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకేమన్నా వినపడతాండాదా అక్కా? నాకు తల పగిలిపోతాండాది." హారతి లేదంది. మొదటిసారి అన్నంత కష్టం కాలేదు. ఇంటికొచ్చి దానికే ఎక్కువ ఏడ్చింది.

మామ ఇంట్లో పెట్టె ఆపలేదు. ఆపితే ఊరు ఏమనుకుంటుంది? పాపను గట్టుకు తీసుకుపోవడం కూడా మాన్పించాడు, చూసినవాళ్ళు అడుగుతున్నారని. రోజూ పాట మొదలైన కాసేపటికి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతాడు.

"ఉండాదా?"

"ఉండాది మామా."

అవునా అన్నట్టు తలూపి వెళ్ళిపోతాడు. పెళ్ళిళ్ళకు ఇప్పుడు ఆమెను వెంట తీసుకుపోతున్నాడు. హారన్ బాగుంటే ఆమె కొంగు సర్దుకోవాలి, ఆ సైగ చూసి ఆయన తల ఒక పక్కకు వంచుతాడు.

నిన్న సాయంత్రం హారతి రొట్టెలు కాలుస్తూ ఉన్నట్టుండి చెయ్యి ఆపింది. ఏదో తక్కువైంది. ఈల ఉంది. పాట ఉంది. ఏడుపు లేదు. పెనం దించకుండానే నడవలోకి పరిగెత్తింది. మామ పెట్టె పక్కనే మంచం మీద కూర్చున్నాడు. పాప ఆయన ఒళ్ళో పడుకుని, చొక్కా గుండీ పట్టుకుని హాయిగా ఆడుకుంటోంది.

"చూడమ్మా, ఈ పొద్దు ఏడవనే లేదు నా తల్లి" అన్నాడాయన, మొహమంతా వెలిగిపోతూ. "ఈల పోయినట్టుండాది కదా?"

హారతి పాప వెనక్కి వెళ్ళి పేరు పెట్టి పిలిచింది. పాప తిరగలేదు. చిటికె వేసింది. గుండీ ధ్యాసలో ఉందో, వినపడలేదో, తిరగలేదు. డాక్టరు దగ్గరికి పోవాలి. పోతే ఎప్పటినుంచి, ఎందువల్ల అని అడుగుతారు. మొగుడూ అడుగుతాడు. ఏమీ లేదని ఊరంతా వినేలా చెప్పింది తనే.

"పోయింది కదమ్మా?" మామ మళ్ళీ అడిగాడు.

ఈల మోగుతూనే ఉంది.